ఎన్ఏఏ, ఎన్ఏఏజీ: ఒక్క బిట్ తప్పాక మళ్లీ చదివిన తీరు

మెడిసిన్ పోటీ పరీక్ష మొదటి అటెంప్ట్‌లో నేను తప్పు పెట్టిన బిట్లలో ఒకటి ఇప్పటికీ పదం పదం గుర్తుంది. నాలుగు నెలల బాబు. మెడ నిలబడటం లేదు. తల చుట్టుకొలత వయసుకు మించి పెరుగుతోంది. ఎంఆర్ఐలో వైట్ మ్యాటర్ అంతటా తేడా కనిపిస్తోంది. ఈ బాబు మెదడుకి ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ (స్కాన్‌తోనే మెదడులోని రసాయనాల్ని కొలిచే పరీక్ష) చేస్తే ఏం కనిపిస్తుంది అని ప్రశ్న. "ఎన్ఏఏ తగ్గుతుంది", "ఎన్ఏఏ పెరుగుతుంది" రెండూ ఆప్షన్లలో ఉన్నాయి. ఎన్ఏఏ అంటే న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, తయారు చేసే ఒక పదార్థం. ఇది క్యానవాన్ వ్యాధి (పసిపిల్లల మెదడులో వైట్ మ్యాటర్‌ని పాడుచేసే జన్యు వ్యాధి) అని నేను వెంటనే పోల్చుకున్నాను. పోల్చుకుని కూడా "తగ్గుతుంది" అని పెట్టి వచ్చాను.

ఎందుకు పెట్టానో బాగా తెలుసు. నా షార్ట్ నోట్స్‌లో ఎర్ర ఇంకుతో ఒక లైను ఉండేది: ఎన్ఏఏ న్యూరాన్ మార్కర్, మెదడు దెబ్బతింటే తగ్గుతుంది. స్ట్రోక్‌లో తగ్గుతుంది, ట్యూమర్‌లో తగ్గుతుంది, అల్జీమర్స్‌లో తగ్గుతుంది. ఆ లైను ఇరవై సార్లు రివిజన్ చేశాను. క్యానవాన్‌లో ఆస్పార్టోఅసైలేజ్ ఎంజైమ్ ఉండదని వేరే పేజీలో వేరుగా బట్టీ పట్టాను. రెండు పేజీలూ నా తలలో ఎప్పుడూ కలవలేదు. కటాఫ్‌కి కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయినప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టింది తెలియక వదిలేసిన ప్రశ్నలు కాదు, ఇలా తెలిసి తప్పు పెట్టినవే.

అందుకే ఈసారి ప్రిపరేషన్‌లో న్యూరోకెమిస్ట్రీకి వచ్చేసరికి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పదార్థం పేరు వచ్చినా ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఏ కణం తయారు చేస్తుంది? ఎటు పంపుతుంది? ఏ కణం విరగ్గొడుతుంది? ఈ మూడింటికీ జవాబు రాకుండా "పెరుగుతుంది, తగ్గుతుంది" అనే మాట నోట్స్‌లో రాయకూడదు. ఎన్ఏఏ, ఎన్ఏఏజీ అనే జంటను ఈ పద్ధతిలో చదివాక వాటి మీద నాకు నిజంగా ఇష్టం ఏర్పడింది. మీలో చాలామంది ఈ టాపిక్‌ని "రెండు మార్కుల బిట్" అని వదిలేస్తారని తెలుసు కాబట్టి, నేను చదివింది కాస్త వివరంగా రాస్తున్నాను.

తెల్లకాగితం మీద మూడు వృత్తాలు గీయండి. ఒకటి న్యూరాన్, రెండోది న్యూరాన్ తీగ చుట్టూ తొడుగు వేసే ఒలిగోడెండ్రోసైట్, మూడోది న్యూరాన్లకి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్. నేను చదివిందంతా ఈ మూడు వృత్తాల మధ్యే నడుస్తుంది.

మొదట న్యూరాన్. ఎన్ఏఏ అంటే ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్. ఆస్పార్టేట్ అమైనో ఆమ్లానికి ఒక అసిటైల్ గుంపు తగిలిస్తే అదే. ఆస్పార్టేట్ ఎక్కడి నుంచి వస్తుంది? మైటోకాండ్రియాలో ఆక్సలోఅసిటేట్‌కి గ్లుటమేట్ తన అమైనో గుంపును ఇస్తే వస్తుంది. కాలేయం పరీక్షల్లో మనకు బాగా తెలిసిన ఏఎస్‌టీ ఎంజైమే ఈ పని చేస్తుంది. అసిటైల్ గుంపు ఎక్కడిది? అసిటైల్ కోఏ నుంచి, అంటే గ్లూకోజ్ విరిగి పైరువేట్ అయి, దాని నుంచి వచ్చినది. ఈ రెండింటినీ కలిపే ఎంజైమ్ పేరు ఎన్ఏటీ8ఎల్. ఈ పదార్థాన్ని 1956లోనే ట్యాలన్, మూర్, స్టైన్ మెదడులో కనుక్కున్నారు. దాన్ని తయారు చేసే ఎంజైమ్ జన్యువు ఏదో తేలడానికి మాత్రం 2010 ప్రాంతం వరకు ఆగాల్సి వచ్చింది. యాభై ఏళ్లకు పైగా! ఆ మూర్, స్టైన్ ఇద్దరూ తర్వాత 1972లో రైబోన్యూక్లియేజ్ మీద చేసిన పనికి కెమిస్ట్రీలో నోబెల్ పంచుకున్నవారే.

మెదడులో ఎన్ఏఏ ఎంత ఉంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లీటరుకి సుమారు 10 మిల్లీమోల్స్. మెదడులో విడిగా తిరిగే అమైనో ఆమ్లాలు, వాటి నుంచి పుట్టినవి అన్నీ కలిపి చూస్తే గ్లుటమేట్ తర్వాత స్థానం దీనిదే. ఇంత పదార్థాన్ని న్యూరాన్ ఊరికే పోగేసుకోదు కదా, మరి దేనికి? ఈ ప్రశ్న నాకు మొదటిసారి చదివినప్పుడు రాలేదు. నాతో కలిసి చదివిన స్నేహితురాలు అడిగింది. నేను పుస్తకం మూసి చెబుతుంటే తను మధ్యలో ఆపేది. "ఆగు. న్యూరాన్ ఇంత కష్టపడి తయారు చేసుకుంది కదా. మళ్లీ కావాలంటే అదే విరగ్గొట్టుకోవచ్చుగా? పక్క కణానికి ఎందుకు పంపుతోంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం వెతికితే దొరికింది. ఎన్ఏఏని విరగ్గొట్టే ఆస్పార్టోఅసైలేజ్ మెదడులో ప్రధానంగా ఉండేది ఒలిగోడెండ్రోసైట్లలో. న్యూరాన్‌కి తయారు చేసే చెయ్యి ఉంది, విరగ్గొట్టే చెయ్యి లేదు. అందుకే ఎన్ఏఏ న్యూరాన్ నుంచి బయటికి వచ్చి, రెండో వృత్తంలోకి వెళ్తుంది. అక్కడ ఆస్పార్టోఅసైలేజ్ దాన్ని అసిటేట్, ఆస్పార్టేట్‌గా చీలుస్తుంది. ఆ అసిటేట్ మళ్లీ అసిటైల్ కోఏ అవుతుంది, దాని నుంచి కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి, అవి ఆక్సాన్‌ని, అంటే న్యూరాన్ పొడవాటి తీగని, చుట్టే తొడుగైన మైలిన్‌లోకి చేరతాయి. మైలిన్ ఎండు బరువులో సుమారు 70 శాతం కొవ్వు పదార్థాలే. అంటే న్యూరాన్ లోపల గ్లూకోజ్ నుంచి పుట్టిన రెండు కార్బన్లు, పక్క కణంలోకి ప్రయాణం చేసి, ఆ న్యూరాన్ ఆక్సాన్‌నే చుట్టే తొడుగులో కూర్చుంటున్నాయి. కాగితం మీద ఆ రెండు కార్బన్ల దారిని ఎర్ర పెన్నుతో గీశాను. అంతకుముందు ఎర్ర ఇంకుతో రాసుకున్న ఆ ఒక్క లైనుకి బదులు ఇప్పుడు ఈ గీత ఉంది.

ఇప్పుడు క్యానవాన్ ప్రశ్నకి తిరిగి రండి. రెండో వృత్తంలో ఆస్పార్టోఅసైలేజ్ లేదు. న్యూరాన్ మామూలుగానే తయారు చేస్తోంది, విరగ్గొట్టేవాళ్లు లేరు. కాబట్టి ఎన్ఏఏ పేరుకుపోతుంది. మెదడులో పెరుగుతుంది, మూత్రంలో చాలా ఎక్కువగా పోతుంది, వ్యాధిని నిర్ధారించేది కూడా మూత్రంలో ఎన్ఏఏని కొలిచే. బట్టీ లేకుండా, గీత వెంట వేలు పెట్టి నడిస్తే జవాబు తనంతట తనే వచ్చేస్తుంది. 1931లో మర్టెల్ క్యానవాన్ వర్ణించిన ఈ వ్యాధికి కారణం ఈ ఎంజైమ్ లోపమని 1988లో తేలింది, జన్యువు 1993లో దొరికింది. క్రోమోజోమ్ 17 మీద ఉంటుంది, ఆటోసోమల్ రిసెసివ్. అష్కెనాజీ యూదుల్లో ఎక్కువ. తల పెద్దదయ్యే ల్యూకోడిస్ట్రోఫీలు (వైట్ మ్యాటర్ పాడయ్యే జన్యు వ్యాధులు) అంటే క్యానవాన్‌తో పాటు అలెగ్జాండర్ గుర్తు రావాలి, అందులో దోషం ఆస్ట్రోసైట్లలోని జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్‌ది. క్రాబ్, మెటాక్రోమాటిక్ అనే మిగతా ల్యూకోడిస్ట్రోఫీలు మీకు ఎలాగూ వచ్చు, వాటి దగ్గర ఆగను.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. చాలా గైడ్లలో "అసిటేట్ అందక మైలిన్ తయారు కాదు, అదే క్యానవాన్" అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. నేనూ కొన్నాళ్లు అదే నమ్మాను. కానీ 2015లో వచ్చిన ఎలుకల ప్రయోగం చదివాక నా నోట్స్ దిద్దుకున్నాను. క్యానవాన్ లాంటి వ్యాధి ఉన్న ఎలుకల్లో ఎన్ఏటీ8ఎల్ జన్యువుని కూడా తీసేశారు. అంటే విరగ్గొట్టే ఎంజైమ్ లేదు, అసలు ఎన్ఏఏ తయారీ కూడా లేదు. అసిటేట్ అందకపోవడమే మొత్తం కారణమైతే వాటి పరిస్థితి అలాగే ఉండాలి. కానీ వాటి వైట్ మ్యాటర్ స్పాంజిలా పాడవకుండా నిలిచింది. అంటే పేరుకుపోయిన ఎన్ఏఏ స్వయంగా హాని చేస్తోందన్నమాట. మనుషుల్లోనూ దీనికి పక్కన పెట్టి చూడదగ్గ ఉదాహరణ ఒకటుంది. మెదడులో ఎన్ఏఏ అసలు కనిపించని ఒక బిడ్డ గురించి 2001లో ప్రచురించారు. ఆ బిడ్డకి ఎదుగుదల ఆలస్యమైంది, మైలిన్ ఏర్పడటం కూడా ఆలస్యమైంది, కానీ అది క్యానవాన్ కాదు. తర్వాత ఆ బిడ్డలో ఎన్ఏటీ8ఎల్ జన్యువులోనే దోషం ఉందని తేలింది.

బిట్ రాసేటప్పుడు ఇదంతా అవసరం లేదు, నిజమే. కానీ స్టేట్‌మెంట్, రీజన్ తరహా ప్రశ్నలో "మాత్రమే" అనే పదం కనిపించినప్పుడు ఈ ప్రయోగం తెలిసినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. పరీక్ష సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లలకి చికిత్స దొరకాలంటే ఏది కారణమో తేలాలి కదా. లోపించిన ఎంజైమ్‌ని అందించాలా, లేక తయారీని తగ్గించాలా అన్న రెండు దారులు ఈ తేడా నుంచే పుట్టాయి. జన్యు చికిత్స 1990ల్లోనే ప్రయత్నించిన తొలి మెదడు వ్యాధుల్లో క్యానవాన్ ఒకటి.

స్పెక్ట్రోస్కోపీ గ్రాఫ్ గురించి. మొదటిసారి నేను దాన్ని ఎడమ నుంచి కుడికి మామూలు గ్రాఫ్‌లా చదివాను. కింద అంకెలు కుడివైపుకి వెళ్లేకొద్దీ తగ్గుతాయని గమనించలేదు. ఎన్ఏఏ పీక్ 2.0 పీపీఎం దగ్గర ఉంటుంది, అంటే గ్రాఫ్‌లో కుడివైపు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెదడులో అన్నిటికంటే ఎత్తుగా నిలబడే పీక్ అదే. దానికి ఎడమవైపు 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్. ఇంకా కుడికి వెళ్తే 1.3 దగ్గర లాక్టేట్, అది రెండు కొమ్ములతో వస్తుంది. నేను ఒక గ్రాఫ్‌ని ప్రింట్ తీసి, పీక్‌ల మీద పేర్లు కనబడకుండా చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి, రోజూ రాత్రి పడుకునే ముందు పేర్లు చెప్పి ముక్కలు ఎత్తి చూసుకునేదాన్ని. నాలుగో రోజుకి చూడకుండానే వచ్చేసింది.

ఆ 2.0 పీక్ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకుంటే ఇంకో రెండు బిట్లు వాటంతట అవే వస్తాయి. అది అసిటైల్ గుంపు చివర ఉన్న మూడు హైడ్రోజన్ల సిగ్నల్. కాబట్టి అదే అసిటైల్ గుంపు ఉన్న ఎన్ఏఏజీ పీక్ కూడా దాదాపు అక్కడే పడుతుంది, మామూలు క్లినికల్ స్కాన్‌లో రెండూ కలిసిపోయి "టోటల్ ఎన్ఏఏ" అని రిపోర్ట్ అవుతాయి. సల్లా అనే జన్యు వ్యాధిలో ఆ పీక్ పెరిగినట్టు కనిపించడానికీ కారణం ఇలాంటిదే, అక్కడ పేరుకుపోయే సియాలిక్ ఆమ్లంలో కూడా అసిటైల్ గుంపు ఉంది. ఇంకోటి: అప్పుడే పుట్టిన బిడ్డలో ఎన్ఏఏ పీక్ చిన్నగా, కోలిన్ పీక్ పెద్దగా ఉంటాయి. అది వ్యాధి కాదు, వయసు. మెదడు ఎదిగేకొద్దీ ఎన్ఏఏ పెరుగుతుంది. బిడ్డ వయసు ఎంతో చదవకుండా గ్రాఫ్ మీదకి వెళ్లకండి.

"ఎన్ఏఏ తగ్గితే న్యూరాన్లు చనిపోయినట్టే" అనే లైను కూడా నా పాత నోట్స్‌లో ఉండేది. దాన్నీ దిద్దాను. ఎన్ఏఏ తయారీకి అసిటైల్ కోఏ, ఆస్పార్టేట్ రెండూ మైటోకాండ్రియా బాగా పనిచేస్తేనే అందుతాయి. మైటోకాండ్రియా నీరసిస్తే, న్యూరాన్ బతికే ఉన్నా ఎన్ఏఏ తగ్గుతుంది. తలకి దెబ్బ తగిలిన తర్వాత తగ్గిన ఎన్ఏఏ కొన్నాళ్లకి తిరిగి పెరగడం కనిపిస్తుంది. చనిపోయిన న్యూరాన్లు తిరిగి రావు కదా. అందుకే "న్యూరాన్ల సంఖ్య, ఆరోగ్యం రెండిటికీ మార్కర్" అని రాసుకున్నాను.

ఇక మూడో వృత్తం, నాకు బాగా నచ్చిన భాగం. న్యూరాన్ తన ఎన్ఏఏ మొత్తాన్ని ఒలిగోడెండ్రోసైట్‌కి పంపేయదు. కొంత తీసుకుని దానికి ఒక గ్లుటమేట్ తగిలిస్తుంది. అదే ఎన్-అసిటైల్ ఆస్పార్టైల్ గ్లుటమేట్, ఎన్ఏఏజీ. రెండు అమైనో ఆమ్లాల పెప్టైడ్. మామూలు న్యూరోపెప్టైడ్లు రైబోజోమ్ మీద పెద్ద ప్రొటీన్‌గా తయారై, తర్వాత ముక్కలై వస్తాయి. ఎన్ఏఏజీ అలా కాదు. ఎంజైమే నేరుగా, ఏటీపీ ఖర్చు పెట్టి కలుపుతుంది. ఆ సింథెటేజ్‌లకి రిమ్‌కేఎల్ఏ, రిమ్‌కేఎల్‌బీ అని పేర్లు. పెప్టైడ్ అనగానే రైబోజోమ్ అని టిక్ పెట్టే అలవాటు మనందరికీ ఉంది, ప్రశ్న తయారు చేసేవాళ్లకీ అది తెలుసు.

తయారైన ఎన్ఏఏజీని సియాలిన్ అనే ట్రాన్స్‌పోర్టర్ వెసికిల్స్‌లోకి, అంటే న్యూరాన్ లోపలి చిన్న సంచుల్లోకి, నింపుతుంది. సల్లా వ్యాధిలో దోషం ఉన్న ప్రొటీన్ ఈ సియాలినే. న్యూరాన్ గట్టిగా ఫైర్ అయినప్పుడు, కాల్షియం లోపలికి వచ్చి, ఎన్ఏఏజీ సైనాప్స్‌లోకి విడుదలవుతుంది. వెళ్లి ఎక్కడ కూర్చుంటుంది? ఎమ్‌గ్లూఆర్3 అనే రిసెప్టార్ మీద. ఇది గ్రూప్ 2 మెటాబోట్రోపిక్ గ్లుటమేట్ రిసెప్టార్, జీఐ ప్రొటీన్‌తో జతపడి కణం లోపల సంకేతం మోసే సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది. ప్రీసైనాప్టిక్ కొసన, అంటే సంకేతం పంపే న్యూరాన్ చివర, ఉన్నప్పుడు న్యూరాన్లని ఉత్తేజపరిచే గ్లుటమేట్ విడుదలకి బ్రేకు వేస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. గ్లుటమేట్‌ని లోపల మోస్తున్న అణువే గ్లుటమేట్‌ని అదుపు చేస్తోంది.

మరి దాని పని ఎలా ముగుస్తుంది? ఆస్ట్రోసైట్ ఉపరితలం మీద జింక్ ఉన్న ఒక ఎంజైమ్ ఎదురుచూస్తూ ఉంటుంది. గ్లుటమేట్ కార్బాక్సీపెప్టిడేజ్ 2. అది ఎన్ఏఏజీని కత్తిరించి ఎన్ఏఏ, గ్లుటమేట్‌గా విడగొడుతుంది. అంటే బ్రేకు తీసేయడమే కాదు, విడిగా గ్లుటమేట్‌ని కూడా వదులుతుంది. ఈ ఎంజైమ్‌ని ఆపితే రెండు లాభాలు: ఎన్ఏఏజీ ఎక్కువసేపు నిలుస్తుంది, కొత్త గ్లుటమేట్ తగ్గుతుంది. స్ట్రోక్, నొప్పి మోడల్స్ ఉన్న జంతువుల్లో దీని ఇన్హిబిటర్లు మేలు చేయడానికి తర్కం ఇదే.

ఇప్పుడు ఈ టాపిక్ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన విషయం. ఈ ఒక్క ఎంజైమ్‌కే మూడు చోట్ల మూడు పేర్లు. మెదడులో నాలాడేజ్. చిన్నపేగులో ఫోలేట్ హైడ్రోలేజ్, అక్కడ ఫోలేట్ (బీ9 విటమిన్) తోకలోని గ్లుటమేట్లను ఒక్కొక్కటిగా తెంపి పీల్చుకోవడానికి వీలు చేస్తుంది. ప్రోస్టేట్‌లో పీఎస్ఎంఏ, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్‌ని వెతికే పెట్ స్కాన్‌లో మనం లక్ష్యంగా పెట్టుకునేదే. గాలియం-68 పీఎస్ఎంఏ స్కాన్‌కి 2020లో, లుటీషియం-177 చికిత్సకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, న్యూక్లియర్ మెడిసిన్, మూడు సబ్జెక్టుల్లో మూడు వేర్వేరు పేజీల్లో చదివింది ఒకే ప్రొటీన్ అని తెలిసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. లేచి మళ్లీ లైటు వేసి, మూడో వృత్తం పక్కన మూడు పేర్లూ రాసి, చుట్టూ ఒక గీత గీశాను.

పేర్ల కన్‌ఫ్యూజన్ ఒకటి మిగిలింది. ఎన్-అసిటైల్ గ్లుటమేట్ వేరు. అది కాలేయం మైటోకాండ్రియాలో తయారై, యూరియా చక్రంలో సీపీఎస్-1 అనే ఎంజైమ్‌ని ఉత్తేజపరుస్తుంది, లోపిస్తే అమ్మోనియా పెరుగుతుంది. ఎన్ఏఏజీ అన్న పొట్టి పేరు చూసి దాన్నే టిక్ పెట్టినవాళ్లని మాక్ టెస్ట్ చర్చల్లో చాలామందిని చూశాను. చివర జీ ఒక్కటే కాదు, మధ్యలో ఆస్పార్టేట్ ఉందా లేదా చూడండి.

నా రోజువారీ పద్ధతి పెద్దదేం కాదు. ఉదయం ఇరవై నిమిషాలు ఖాళీ కాగితం మీద మూడు వృత్తాలు చూడకుండా గీయడం, ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడ చుక్క పెట్టడం, ఆ చుక్క గురించి మాత్రమే పుస్తకం తెరవడం. సాయంత్రం ఆ స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పడం. తను ప్రతిసారీ ఒక ఎంజైమ్‌ని "తీసేసి" అడిగేది. "సియాలిన్ లేదనుకో, ఏమవుతుంది? ఎమ్‌గ్లూఆర్3 లేదనుకో?" ఇలా ఒక్కో ముక్క తీసేస్తూ ఆడితే ఏది పెరుగుతుందో ఏది తగ్గుతుందో వెతుక్కోనక్కర్లేదు. కొత్తగా నోట్స్ కొనడం, రంగు రంగుల హైలైటర్లు మార్చడం మానేశాను. వాటివల్ల చదివిన భ్రమ తప్ప నాకేం మిగల్లేదు.

రెండో అటెంప్ట్ రోజు చాలా టెన్షన్ పడ్డాను. ఎన్ఏఏ మీద ప్రశ్న రానే లేదు. వచ్చింది ఫోలేట్ శోషణ మీద, అందులో ఒక ఆప్షన్ గ్లుటమేట్ కార్బాక్సీపెప్టిడేజ్ 2. పేరు చూడగానే మూడో వృత్తం పక్కన గీసిన ఆ గీత కళ్లముందు కనిపించింది. రఫ్ షీట్ మీద చిన్న వృత్తం ఒకటి గీసి, ఆ ఆప్షన్ పెట్టి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

ఇప్పుడు చదువుతున్నవాళ్లు అదే కాగితం మీద న్యూరాన్‌కీ ఆస్ట్రోసైట్‌కీ మధ్య గ్లుటమేట్-గ్లుటమిన్ చక్రాన్ని కూడా వేయండి. ఆస్ట్రోసైట్‌లో గ్లుటమిన్ సింథెటేజ్, న్యూరాన్‌లో గ్లుటమినేజ్, గాబా న్యూరాన్ అయితే దానికి బీ6 కావాల్సిన గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్. ఎన్ఏఏజీ తెగినప్పుడు వదిలిన గ్లుటమేట్ ఎటు పోతుందో ఆ చక్రంలోనే తెలుస్తుంది.